ఇంటికొచ్చే పాలియేటివ్ కేర్ సేవ: రామమూర్తినగర్‌లో మా అత్తమ్మ చివరి 9 వారాలు

మా అత్తమ్మ పోయిన కార్తీకమాసంలో కాలం చేసింది. రొమ్ము క్యాన్సర్. నాలుగేళ్ల కిందట ఆపరేషన్ అయింది. తగ్గిందనుకున్నాక ఎముకలకూ ఊపిరితిత్తులకూ పాకింది. చివరి 9 వారాలు బెంగళూరులోని ఒక పాలియేటివ్ కేర్ (జబ్బు నయం కాకపోయినా నొప్పీ బాధా తగ్గించి చూసుకునే వైద్యం) బృందం రామమూర్తినగర్‌లోని మా ఫ్లాట్‌కి వచ్చి ఆమెను చూసుకుంది. ఆ సేవ గురించే ఈ రివ్యూ.

వాళ్ల పేరు రాయడం లేదు. వాళ్లు మాకు చేసిన మేలు పెద్దది. పేరు పెడితే లోపాలు రాయడానికి నాకు చెయ్యి రాదు, లోపాలు రాయకపోతే ఇది చదివేవాళ్లకు ఉపయోగం ఉండదు. ఇలాంటి బృందాలు ఈ ఊళ్లో ఇంకా ఉన్నాయి. ఏ బృందాన్ని పిలిచినా ఏం అడగాలో, ఏం చూసుకోవాలో తెలియడానికి మా అనుభవం పనికొస్తుంది.

మేం హిందూపురం వాళ్లం. మామయ్య అక్కడే హైస్కూల్లో తెలుగు పండితులుగా చేసి రిటైరయ్యారు. అత్తమ్మ వైద్యం కోసమే ఇద్దరూ మా దగ్గరకొచ్చారు. మా ఆయన ఒక్కడే కొడుకు. వదిన, అంటే మా ఆయన అక్క, నంద్యాలలో ఉంటుంది. పెళ్లయ్యాక ఆమె క్రైస్తవంలోకి వెళ్లింది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో ముందుకెళ్తే తెలుస్తుంది.

పెద్ద ఆసుపత్రిలో నాలుగు రోజులు ఐసీయూలో ఉంచి, 2 లక్షల 10 వేలు కట్టించుకుని, ఐదో రోజు పొద్దున డాక్టరు కారిడార్‌లో నిలబెట్టి, ‘ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లండి’ అన్నాడు. ఇంటికి తీసుకెళ్లి ఏం చేయాలో చెప్పలేదు. రాత్రంతా తుంటి ఎముకలో నొప్పితో ఆమె మూలుగుతుంటే మా ఆయన చీటీ పట్టుకుని మెడికల్ షాపులన్నీ తిరిగారు. చీటీలో రాసిన మార్ఫిన్ అనే గట్టి నొప్పి మందు మామూలు షాపుల్లో దొరకదని మాకు అప్పటిదాకా తెలియదు. 2014లో మత్తుమందుల చట్టం మార్చాక గుర్తింపు ఉన్న ఆసుపత్రులూ సంస్థలూ దాన్ని తెప్పించి ఇవ్వడం సులువైంది. ఈ సంగతి చెప్పినవాళ్లూ, మందు తెచ్చి ఇచ్చినవాళ్లూ ఈ బృందమే. ఫోన్ చేసిన మర్నాడే వచ్చారు.

మొదటి రోజు డాక్టరు, నర్సు, కౌన్సెలరు ముగ్గురూ కలిసి వచ్చి దాదాపు రెండు గంటలు కూర్చున్నారు. నర్సు సిస్టరుది కేరళ. కౌన్సెలరమ్మది ముళబాగిలు. కోలారు జిల్లాలో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు కదా, ఆమె మాట వినగానే అత్తమ్మ ముఖం విప్పారింది. ‘మన మాటే’ అంది. ఐసీయూలో నాలుగు రోజులు ఇంగ్లీషూ కన్నడమూ హిందీ విని విని ఆమె మాట్లాడటమే మానేసింది.

నొప్పి ఎక్కడ, ఎంత, తిండి, నిద్ర, విరేచనం అన్నీ అడిగి రాసుకున్నాక కౌన్సెలరమ్మ ఫారం తిప్పి ఇంకో పేజీ తీసింది. ‘కష్టమొచ్చినప్పుడు మీకు ధైర్యం ఎక్కడి నుంచి వస్తుందమ్మా?’ అని అత్తమ్మను అడిగింది. అత్తమ్మ పూజగది వైపు చూసింది. తర్వాత అదే ప్రశ్న మామయ్యను అడిగింది. మా ఆయన్ను అడిగింది. చివరికి నన్నూ అడిగింది.

నాలుగేళ్లుగా ఎన్ని ఆసుపత్రులు తిరిగామో. ఏ ఫారంలోనూ ఈ ప్రశ్న లేదు. మతం అని ఒక గడి ఉంటుంది, అందులో హిందూ అని రాస్తాం, అంతే. తర్వాత ఒకరోజు కౌన్సెలరమ్మే చెప్పింది: 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పీస్ (చివరి దశ రోగులను చూసుకునే చోటు) పెట్టిన సిసిలీ సాండర్స్ అనే డాక్టరమ్మ రోగి నొప్పిని నాలుగు పాయలుగా చూడమందట. ఒంటి నొప్పి, మనసు నొప్పి, ఇంటివాళ్ల గురించీ డబ్బు గురించీ దిగులు, ఆపైన ఆత్మకు సంబంధించిన నొప్పి. ఒకదాన్ని వదిలేస్తే మిగతావి కూడా తగ్గవట. మా ఇంట్లో ఆ నాలుగో నొప్పి అత్తమ్మకంటే మాకే ఎక్కువగా ఉండేదని ఆ రోజు మాకు తెలియదు.

ఒక్కొక్కరి సంగతీ చెప్తాను.

మామయ్య ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. లేచి బాల్కనీలోకి వెళ్లిపోయారు. క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకిందని తెలిసిన రోజు నుంచి ఆయన పూజగదిలో అడుగు పెట్టలేదు. నలభై ఏళ్లు సంధ్యావందనం తప్పని మనిషి. కౌన్సెలరమ్మ వెనకాలే వెళ్లి పిలవలేదు, బుజ్జగించలేదు. వెళ్లేటప్పుడు మాత్రం బాల్కనీ గుమ్మం దగ్గర ఆగి, ‘సార్, దేవుడి మీద కోపం వచ్చినా మాతో చెప్పొచ్చు’ అంది. మూడో విజిట్‌కి ఆయనే కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నారు. ‘ఒక్క ఏకాదశి తప్పలేదమ్మా ఆమె. ఎవరికీ ఒక మాట అనలేదు. ఆమెకెందుకు?’ అని అడిగారు. ఆమె జవాబు చెప్పే ప్రయత్నం చేయలేదు. పెన్ను మూసి పక్కన పెట్టి వింది. ఆ మాట ఆయన మాలో ఎవరితోనూ అనలేదు. కొడుకు ముందు అనలేక, కోడలి ముందు అనకూడదని లోపలే పెట్టుకున్నారు.

మా ఆయన పద్ధతి వేరు. మొక్కులు. పసుపు గుడ్డలో రూపాయి కట్టి ముడుపు పెట్టారు. అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కుతానన్నారు. అది చాలదని మోకాళ్ల పర్వతం నిజంగా మోకాళ్ల మీదే ఎక్కుతానన్నారు. ప్రతి శనివారం వయ్యాలికావల్‌లోని తిరుమల దేవస్థానం వారి గుడికి వెళ్లొచ్చేవారు. స్కాన్ రిపోర్టు చెడుగా వచ్చినప్పుడల్లా మొక్కు పెరిగేది. ఆన్‌లైన్‌లో పంతుళ్లను పంపే ఒకచోట మృత్యుంజయ హోమానికి 28 వేలు కట్టారు. ‘11 మంది ఋత్విక్కులు’ అన్నారు, ముగ్గురొచ్చారు. గంటన్నరలో ముగించి, ‘ఇంకో హోమం కూడా చేయిస్తే మంచిది’ అని ఇంకో ధర చెప్పి వెళ్లారు. హోమం మీద నాకు నమ్మకం లేదని కాదు. ఆ రోజు పొగకు అత్తమ్మ దగ్గి దగ్గి సొమ్మసిల్లింది. అయినా మా ఆయన రెండో హోమం గురించి ఆలోచిస్తూనే ఉన్నారు. చేయించకపోతే తన వల్లే అమ్మ పోయిందన్న భయం ఆయనది.

నాలుగో వారంలో కౌన్సెలరమ్మ ఆయన్ని అడిగింది. ‘ఇన్ని మొక్కులు మొక్కారు కదా, ఏం కావాలని మొక్కారు?’

‘అమ్మకు బాగవ్వాలని.’

‘ఈరోజు మొక్కాలంటే ఏం మొక్కుతారు?’

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. వంటింట్లో కుక్కర్ ఆపేసి నేను గుమ్మంలో నిలబడ్డాను. చివరికి, ‘నొప్పి తెలీకుండా నిద్రలో వెళ్లిపోవాలని’ అని, వెంటనే రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు. ‘కన్నతల్లి చావాలని కోరుకుంటున్నానా మేడమ్, ఇంతకంటే పాపం ఉంటుందా’ అన్నారు.

అప్పుడు మాట్లాడింది కౌన్సెలరమ్మ కాదు, మామయ్య. సోఫాలోంచే అన్నారు: ‘ఒరే, అనాయాస మరణం ఇవ్వమని మీ అమ్మ ముప్పై ఏళ్లుగా గుడి మెట్ల మీద కూర్చుని అడుగుతోంది. ఆమె కోరికే నువ్వూ కోరావు.’ పూజ మానేసిన మనిషి నోటి నుంచి ఆ మాట వచ్చింది. మా ఆయన రెండో హోమం ఊసు మళ్లీ ఎత్తలేదు. ముడుపు మాత్రం అలాగే ఉంచారు. తర్వాత వెళ్లి హుండీలో వేసొచ్చారు.

కౌన్సెలరమ్మ విజిట్‌కి విడిగా డబ్బు తీసుకోరు. నన్నడిగితే ఈ సేవలో అన్నిటికంటే విలువైనది అదే.

ఇక మందు సంగతి. మార్ఫిన్ మొదలుపెట్టిన మూడో రోజు నుంచి అత్తమ్మ మాత్ర నోట్లో వేసుకున్నట్టే వేసుకుని చెంగులో ఉమ్మేస్తోందని సిస్టర్ కనిపెట్టింది. ఎందుకని అడిగితే మొదట చెప్పలేదు. తర్వాత చెప్పింది. ఆమెకు తెల్లవారుజామున నాలుగున్నరకు విష్ణుసహస్రనామం చదువుకోవడం అలవాటు. మాత్ర వేసుకుంటే నామాల మధ్యలో నిద్ర ముంచుకొస్తోంది. పైగా అది మత్తుమందట కదా, మత్తులో భగవంతుడి పేరు పలకడం తప్పని ఆమె భయం. నొప్పి భరించడానికే సిద్ధపడింది.

డాక్టరు నవ్వలేదు, కోప్పడలేదు. మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని కాగితం మీద టైములు గీశాడు. ‘అమ్మా, ఈ మగత మొదటి నాలుగైదు రోజులే. ఒంటికి అలవాటయ్యాక తగ్గిపోతుంది. మీ పారాయణం నాలుగున్నరకు కాబట్టి మాత్ర మూడింటికి వేద్దాం. నాలుగున్నరకు తల తేలికగా ఉంటుంది, నొప్పీ అదుపులో ఉంటుంది’ అన్నాడు. మార్ఫిన్ మామూలు మాత్ర పనిచేసేది నాలుగు గంటలు, కాబట్టి టైము ప్రకారం వేయాలి. నొప్పి వచ్చేదాకా ఆగి వేసుకోవడం వల్లే కష్టమెక్కువని వివరించాడు. మొదట 10 మిల్లీగ్రాముల మాత్రలో సగంతో మొదలుపెట్టాం, రెండు వారాలకు పూర్తి మాత్రకు వెళ్లాం. మలబద్ధకం రాకుండా మొదటి రోజే దానికీ మందిచ్చారు. ఎవరైనా మార్ఫిన్ రాసి విరేచనానికి మందు రాయకపోతే తప్పకుండా అడగండి.

మామయ్య కూడా ఆ రోజు ఒక మాట అన్నారు: ‘ఆ వెయ్యి నామాలు భీష్ముడు ధర్మరాజుకు చెప్పింది అంపశయ్య మీద పడుకునే కదా. బాణాలు గుచ్చుకునే ఉన్నాయి. నీకు ఒక బాణం తీసేస్తామంటే వద్దంటావేం?’ అత్తమ్మ నవ్వింది. ఆ తర్వాత మాత్ర ఉమ్మలేదు.

మూడింటికి మాత్ర పొడి చేసి తేనెలో కలపడం నా పని. అలారం రెండూ యాభైకి. కౌన్సెలరమ్మ మొదటి రోజు నన్నడిగిన ప్రశ్నకు ‘నాకు పూజలకు టైముండదండీ’ అన్నాను. చాలా రోజుల తర్వాత మళ్లీ అడిగితే నిజం చెప్పాను: మాత్ర నూరేటప్పుడు అత్తమ్మ నోట విన్న నామాలు నాకు తెలియకుండానే వస్తున్నాయి, వరస తప్పుతోంది, ఒకటి రెండుసార్లు వస్తుంది, ఒకటి మర్చిపోతాను. అది ప్రార్థన అవునో కాదో నాకు తెలియదు. ఆమె ఆ మాటలు ఉన్నవున్నట్టు ఫైల్లో రాసుకుంది. నాకెందుకో ఆ రోజు కళ్లు నిండాయి. ఇన్ని నెలల్లో నన్ను ‘పేషెంటుకెలా ఉంది’ అని కాకుండా నా గురించి అడిగినవాళ్లు వేరే ఎవరూ లేరు.

దీపం సంగతి ఇంకొకటి. ఐదో వారం నుంచి ఆయాసం పెరిగింది. ఆక్సిజన్ మిషను అద్దెకు తెచ్చారు. మంచానికి ఎదురుగా చిన్న స్టూలు మీద అత్తమ్మ కోసం దీపం పెట్టేవాళ్లం. సిస్టర్ రాగానే ముందు దాన్ని ఆర్పించింది. ఆక్సిజన్ నడుస్తున్న గదిలో మంట ఉండకూడదు, దుప్పటి అంటుకుంటే ఆపడం ఎవరి తరమూ కాదు. మాకు ఆ ఆలోచనే రాలేదు, అగరొత్తులు కూడా వెలిగిస్తున్నాం. (ఇంట్లో మిషను పెట్టించుకున్నవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోండి, చాలామంది చెప్పరు.) బ్యాటరీ దీపం తెచ్చాను. అత్తమ్మ దాన్ని చూసి ముఖం తిప్పుకుంది. కార్తీకం వస్తోంది, దీపం లేని కార్తీకం ఆమెకు ఊహకు కూడా రాదు.

సిస్టర్ గదంతా ఒకసారి చూసింది. బీరువాకు నిలువుటద్దం ఉంది. దాని తలుపు సగం తెరిచి, హాల్లో అవతలి గోడ దగ్గర దీపం పెట్టించి, మంచం మీద తనే అత్తమ్మ పక్కన వంగి చూసి, తలుపు అటూ ఇటూ జరిపింది. అద్దంలో దీపం కనిపించింది. తలుపు అక్కడే ఆగేలా కింద అట్టముక్క మడిచి పెట్టింది. కార్తీక పౌర్ణమికి 365 వత్తులు మల్లేశ్వరం సంపిగె రోడ్డు నుంచి తెచ్చి బాల్కనీలో వెలిగించాం. అద్దంలో కనిపించిన వెలుగుకే అత్తమ్మ చేతులు జోడించింది. సిస్టరు మెడలో సిలువ ఉంటుంది. ‘ఇది నా డ్యూటీలో ఉందమ్మా’ అంది, థాంక్స్ చెప్పబోతే.

ఆయాసానికి మిషను కంటే టేబుల్ ఫ్యాను ఎక్కువ సాయం చేసిందని కూడా చెప్పాలి. ముఖానికి గాలి తగిలేలా పెడితే ఊపిరి అందుతున్నట్టు ఉంటుందని సిస్టరే చూపించింది.

వదిన వచ్చాక మా ఇంట్లో గొడవ మొదలైంది. ఆమె తల్లి మంచం దగ్గర మోకరించి పైకి ప్రార్థన చేసేది. చుట్టపుచూపుగా వచ్చిన పెద్దలకు అది నచ్చలేదు. ‘చివరి గడియల్లో ఇదేంటి’ అన్నారు. వదిన పాస్టరును పిలుస్తానంది. మా ఆయన కూడదన్నారు. అక్కా తమ్ముళ్లు రెండు రోజులు మాట్లాడుకోలేదు. కౌన్సెలరమ్మకు చెబితే, ‘పెద్దమ్మను ఎవరైనా అడిగారా?’ అంది. ఎవరమూ అడగలేదు. అడిగితే అత్తమ్మ ఊపిరి తీసుకుంటూ, ఆగి ఆగి చెప్పింది: ‘దాని దేవుణ్ణి దాన్ని పిలుచుకోనీండి. నా బిడ్డే కదా పిలిచేది. పాస్టరు మాత్రం వద్దు, నాకు కొత్త మనుషులు వద్దు.’ తెల్లవారుజామున సహస్రనామం, సాయంత్రం వదిన తల్లి పాదాలు పట్టుకుని మనసులో చేసుకునే ప్రార్థన. అలా కుదిరింది. చివరి పది రోజుల్లో అత్తమ్మకు చదివే ఓపిక పోతే, పుస్తకం పట్టుకుని ఆ నామాలు చదివి వినిపించింది కూడా వదినే. చిన్నప్పుడు తల్లి నేర్పినవి, ఆమెకు సగం నోటికొచ్చు.

ఇప్పుడు లోపాలు.

మొదటిది వాలంటీరు. ఆరో వారంలో ఒక పెద్దావిడను పంపారు, మాకు ఒక పూట విశ్రాంతి దొరుకుతుందని. మంచి ఉద్దేశమే. కానీ ఆవిడ అత్తమ్మ పక్కన కూర్చుని, ‘పూర్వజన్మలో చేసింది అనుభవించక తప్పదమ్మా, ఇక్కడే అయిపోతే మంచిది’ అంది. అత్తమ్మ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు నన్ను పిలిచి, ‘నేను ఏం పాపం చేసుంటాను మ్మా?’ అని అడిగింది. ఆ ప్రశ్న నేను జీవితంలో మర్చిపోలేను. ఫిర్యాదు చేశాం. కోఆర్డినేటరు మర్నాడు స్వయంగా వచ్చి అత్తమ్మ చేయి పట్టుకుని క్షమించమని అడిగాడు, ఆవిడను మళ్లీ పంపలేదు. అయినా ఆమెకు ఉన్నవే కొద్ది రోజులు, వాటిలో మూడు పోయాయి. రోగి దగ్గరకు ఎవరిని పంపినా, కర్మ గురించీ పాపం గురించీ ఎత్తకూడదని ముందే గట్టిగా చెప్పి పంపాలి. మీరు కూడా వాలంటీరు వస్తున్నారంటే వాళ్లకు ఏం శిక్షణ ఇచ్చారో అడగండి.

రెండోది రాత్రి ఫోను. 24 గంటలూ తీస్తామన్నారు. ఎనిమిదో వారంలో రాత్రి 2:40కి అత్తమ్మ విపరీతంగా కలవరిస్తూ మంచం దిగబోయింది. పాతిక నిమిషాలు ఫోన్ చేస్తూనే ఉన్నాం. ఎత్తాక ఏం ఇవ్వాలో సరిగ్గానే చెప్పారు, ఇంట్లో ముందే పెట్టించిన మందుల డబ్బాలోంచే ఇచ్చాం, తగ్గింది. కానీ ఆ పాతిక నిమిషాల టెన్షన్ చిన్నది కాదు.

మూడోది, వాళ్లిచ్చిన పుస్తకం ఇంగ్లీషులోనూ కన్నడంలోనూ ఉంది, తెలుగులో లేదు. బెంగళూరులో తెలుగువాళ్లు ఇంతమంది ఉన్నాం. మామయ్య ఆ ఇంగ్లీషు పుస్తకాన్ని నోటుబుక్కులో తెలుగులో రాసి వాళ్లకే ఇచ్చారు. వాళ్లు అచ్చు వేస్తారో లేదో చూడాలి.

ఖర్చు: మొదటి విజిట్ 1,500, తర్వాత విజిట్‌కి 1,000. వారానికి రెండు, చివరి వారం రోజూ. మంచం, ఆక్సిజన్ మిషను అద్దెలతో కలిపి మొత్తం 43 వేల దాకా అయింది, మందులు కాక. అదీ కష్టమైనవాళ్లకు తగ్గిస్తారు. పూర్తిగా ఉచితం కావాలన్నా, ఇంట్లో చూసుకునే మనుషులు లేకపోయినా మారతహళ్లి దగ్గరున్న కరుణాశ్రయ గురించి తెలుసుకోండి. చివరి దశ క్యాన్సర్ రోగుల కోసం 1999 నుంచి నడుస్తున్న హాస్పీస్ అది, డబ్బు తీసుకోరు. మాకు అత్తమ్మను ఇంట్లోనే ఉంచుకోవాలనిపించింది, ఆమె కోరికా అదే.

గొట్టాలూ వెంటిలేటరూ వద్దని ఆమె ముందే చెప్పింది. మామయ్య దాన్ని కాగితం మీద పెట్టాలన్నారు. 2018 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఇలా రాసిపెట్టుకునే హక్కు వచ్చింది. 2023లో పద్ధతి సులువు చేశారు, ఇద్దరు సాక్షులతో నోటరీ దగ్గర చేయిస్తే చాలు. నోటరీని ఇంటికే పిలిపించాం. సంతకం చేస్తూ అత్తమ్మ, ‘ఇది నా వీలునామా’ అంది.

చివరి మూడు రోజుల గురించి రాయాలి. అప్పుడే వీళ్ల విలువ ఎక్కువగా తెలిసింది. తిండి, నీళ్లు ఆగిపోయాయి. బంధువులు సెలైన్ పెట్టించమన్నారు. ‘ఆకలితో పంపిస్తారా, ఆ పాపం ఎక్కడికి పోతుంది’ అన్నారు. మా ఆయన మళ్లీ కంగారుపడ్డారు. డాక్టరు అందరినీ హాల్లో కూర్చోబెట్టి చెప్పాడు: ఈ దశలో ఒంటికి నీరు అవసరం ఉండదు, ఎక్కించిన నీరు ఊపిరితిత్తుల్లోనూ గొంతులోనూ చేరి గురక పెరుగుతుంది, నోరు తడిగా ఉంచితే దాహం తెలియదు. ‘తిండి మానేయడం వల్ల ఆమె వెళ్లిపోవడం లేదు. వెళ్లిపోతోంది కాబట్టి తిండి వద్దంటోంది.’ ఆ ఒక్క మాటతో పెద్దవాళ్లు కూడా ఊరుకున్నారు.

నోట్లో తులసితీర్థం పోయాలని అందరికీ ఉంది. మింగలేని మనిషికి చెంచాతో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి ఉక్కిరిబిక్కిరవుతుంది. వద్దు అని ఊరుకోలేదు సిస్టర్. తులసి దళం తీర్థంలో ముంచి పెదవుల మీద అద్దడం, గంగాజలంలో దూది తడిపి చిగుళ్లకు రాయడం చూపించింది. ఒక్కొక్కరూ వచ్చి అలాగే చేశారు. వదిన కూడా.

కింద పడుకోబెట్టాలన్నారు మా పిన్నత్తగారు. మంచం మీద ప్రాణం పోకూడదని ఆమె పట్టుదల. తుంటి ఎముక అలా ఉన్న మనిషిని ఎత్తితే ఎంత బాధో మాకు తెలుసు. సిస్టర్‌ని అడిగితే, ‘చేయొచ్చు. అరగంట ముందు ఒక డోసు అదనంగా ఇద్దాం, దుప్పటితో సహా నలుగురు ఎత్తితే నడుం కదలదు’ అంది. నేల మీద పరుపు వేసి దర్భలు పరిచాం. మా ఆయన, వదిన, సిస్టర్, నేను నాలుగు మూలలా పట్టుకున్నాం. అత్తమ్మ మూలగలేదు. కింద పడుకుంటే అద్దంలో దీపం కనిపించదని మామయ్య గమనించారు. ఆక్సిజన్ అప్పటికి తీసేశారు. సిస్టర్ ఒకసారి మిషను ఆపి ఉందో లేదో చూసుకుని, కిటికీ తెరిచి తల ఊపింది. దీపం గదిలోకి తెచ్చాం.

మర్నాడు తెల్లవారుజామున వదిన నామాలు చదువుతుండగా వెళ్లిపోయింది. మాటలు వినపడుతూ ఉండొచ్చు, మాట్లాడుతూనే ఉండండి అని సిస్టర్ చెప్పింది కాబట్టి వదిన ఆపకుండా చివరిదాకా చదివింది.

తర్వాత కూడా వాళ్లు వదిలిపెట్టలేదు. పన్నెండో రోజు అయ్యాక కౌన్సెలరమ్మ వచ్చింది. మిగిలిన మార్ఫిన్ మాత్రలు 14, లెక్కపెట్టి తీసుకుని మామయ్యతో సంతకం చేయించుకుంది. నెలకోసారి వాళ్ల ఆఫీసులో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు కలిసి కూర్చుంటారు, రండి అని చెప్పింది. మా ఆయన ఒకసారి వెళ్లి మానేశారు.

మామయ్య మాత్రం వెళ్తున్నారు. రెండో శనివారం మధ్యాహ్నం తానే బస్సెక్కి వెళ్తారు. అక్కడ ఏం మాట్లాడతారో మాకు చెప్పరు, మేమూ అడగం. వచ్చేటప్పుడు కె.ఆర్. పురం మార్కెట్లో దిగి రెండు మూరల పూలు తెస్తారు. పూజగది గుమ్మం మీద పెట్టి లోపలికి రాకుండా వెళ్లిపోతారు. దీపం ఇంకా నేనే పెడుతున్నాను.